అంకెలు – ఆనవాళ్లు

దాచిన దానిని వెదకి పట్టుకోవాలనే ఆసక్తి మానవునికి సహజమైనది. పసితనంలో ఆడుకొనే దాగుడుమూతలు మొదలుకొని పెద్దలు చెప్పుకొనే లంకెబిందెల కథల వరకు అన్నీ ఈ ఆసక్తికి నిదర్శనాలే. పాడుపడిన కోటగోడల కింద నిధి ఉన్నదని నమ్మినవారు పూర్వం అంజనం వేయించి చూసేవారు. అరచేతిలో పూసిన కాటుకలో నిధి ఉన్న తావు కనిపిస్తుందని వారి విశ్వాసం. అంజనం మాట ఎట్లా ఉన్నా, ఇరవయ్యవ శతాబ్దం ముగిసే నాటికి, కోరిన తావును నిజంగానే చూపగల సాధనం ఒకటి మనిషి అరచేతిలోకి వచ్చింది. ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, భూమిపై తాను ఎక్కడ ఉన్నదో లెక్కకట్టి చెప్పే ఆ సాధనమే జీపీఎస్ పరికరం. దానిని ఆధారంగా చేసుకొని అమెరికాలో పుట్టి, ప్రపంచమంతటా వ్యాపించిన క్రీడకు జియోకాషింగ్ అని పేరు.

ఈ క్రీడా స్వరూపం చాలా సరళమైనది. ఒకరు ఒక డబ్బాను చెట్టుతొర్రలోనో, రాళ్ల సందునో, వంతెన కమ్మీల నడుమనో దాచి, ఆ తావు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటిస్తారు. ఇతరులు ఆ అంకెలను తమ పరికరంలో నింపుకొని బయలుదేరి, డబ్బాను వెదకి పట్టుకొంటారు. అందులోని చిన్న పుస్తకంలో తేదీ వేసి, తాము పెట్టుకొన్న మారుపేరు రాసి, డబ్బాను మునుపటివలెనే దాచి తిరిగి వస్తారు. అక్కడ దొరికేది ధనం కాదు; ఏ చిన్న బొమ్మో, బిళ్లో, గోలీకాయో ఉంటుంది. దానిని తీసుకొన్నవారు అంతకు తక్కువకాని మరొక వస్తువును అందులో ఉంచాలి.

'జియో' అనగా భూమి. 'కాష్' అనే మాట దాచడమనే అర్థం గల ఫ్రెంచి క్రియ నుండి వచ్చింది. ఉత్తర అమెరికా అడవులలో సంచరించిన వేటగాండ్రు తిరుగు ప్రయాణానికి కావలసిన ఆహార సామగ్రిని దాచుకొన్న తావును ఈ పేరుతో పిలిచేవారు. తెలుగు రైతులు ధాన్యం దాచుకొన్న పాతర వంటిదే అది. ఈ ఆటలో దాచే డబ్బాను తెలుగులో 'నిక్షేపం' అనవచ్చు.

ఈ క్రీడలో అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట కొత్తవాడే. అతని కొత్తదనం ఎప్పుడు తీరుతుంది? పది నిక్షేపాలు దొరికినప్పుడా, నూరు దొరికినప్పుడా? ఖరీదైన పరికరం కొన్నప్పుడా? ఎవరికీ చిక్కని డబ్బాను పట్టుకొన్నప్పుడా? ఈ ప్రశ్నకు సమాధానం దొరకాలంటే ముందు ఈ ఆట ఎట్లా పుట్టిందో, ఎట్లా సాగుతుందో తెలుసుకోవాలి.

జీపీఎస్ వ్యవస్థను అమెరికా రక్షణశాఖ సైనిక అవసరాల కోసం నిర్మించింది. పౌరులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేవారు. అందువల్ల సామాన్యుని చేతిలోని పరికరం చూపే స్థానం వంద మీటర్ల దాకా తప్పిపోయేది. 2000 మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ విధానాన్ని విరమిస్తున్నట్లు ప్రకటించాడు. ఒక్క రాత్రిలో పరికరాల ఖచ్చితత్వం సుమారు పదిరెట్లు పెరిగింది. ఆ మార్పును పరీక్షించి చూడాలనుకొన్న డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు మే 3న ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్టును నేలలో కొంత పూడ్చిపెట్టాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, చిక్కుడుగింజల డబ్బా మొదలైనవి ఉంచి, ఆ తావు అంకెలను ఇంటర్నెట్టులో ప్రకటించాడు. మూడు రోజులు గడిచేలోగా ఇద్దరు దానిని కనుగొన్నారు. వారిలో మొదటివాడు మైక్ టీగ్. మే 30న మాట్ స్టమ్ అనే అతడు ఈ ఆటకు జియోకాషింగ్ అనే పేరును సూచించాడు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ ఈ ఆట కోసం ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటును ప్రారంభించేనాటికి ప్రపంచం మొత్తంమీద తెలిసిన నిక్షేపాలు 75 మాత్రమే. నేడు 190కి పైగా దేశాలలో ముప్పై లక్షలకు పైగా ఉన్నాయి.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాల కాలవ్యత్యాసాన్ని బట్టి పరికరం తన స్థానాన్ని లెక్కకడుతుంది. నిక్షేపపు చిరునామాను డిగ్రీలలోను, నిమిషాలలోను రాసి, నిమిషాలకు దశాంశ బిందువు తరువాత మూడు అంకెలు చేరుస్తారు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లకు సమానం. కాబట్టి దశాంశ బిందువు తరువాతి మూడవ అంకె ఒకటి మారితే నేలమీద చోటు రెండు మీటర్లకు కొంచెం తక్కువగా జరుగుతుంది. రేఖాంశాల మధ్య దూరం మాత్రం భూమధ్యరేఖ నుండి ధ్రువాల వైపు పోయినకొద్దీ తగ్గిపోతుంది. ఒరెగాన్ ఉన్న 45వ అక్షాంశం వద్ద రేఖాంశపు నిమిషం సుమారు 1.3 కిలోమీటర్లే.

కాగితం మీద అంకెలు ఇంత సూక్ష్మంగా ఉండటం చూసి కొత్తవాడు మోసపోతాడు. ఆకాశం తెరపిగా ఉన్నచోట సెల్‌ఫోను చూపే స్థానం సుమారు 5 మీటర్ల లోపు తేడాతో సరిపోతుంది. దట్టమైన చెట్ల కింద, కొండచరియల పక్కన, ఎత్తైన భవనాల నడుమ సంకేతాలు అడ్డగింపబడి లేదా గోడలకు తగిలి ప్రతిఫలించి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా, దాచినవాని పరికరంలోనూ ఇటువంటి తేడా ఉండే ఉంటుంది. ఈ రెండు తేడాలు ఒకే వైపుకు మొగ్గితే 'ఇక్కడే' అన్నచోటుకు పది, పన్నెండు మీటర్ల ఆవల డబ్బా ఉండవచ్చు. ఈ సంగతి తెలియని కొత్తవాడు తెర మీద దూరం సున్నా అయ్యేదాకా కళ్లెత్తి చూడడు. సున్నా అయిన చోట నిలబడి, పాదాల కింద నేలనే గాలిస్తాడు. రెండడుగులు వేయగానే బాణం గుర్తు మరొక వైపు తిరుగుతుంది. దాని వెంట అటూ ఇటూ తిరిగి విసిగిపోతాడు.

అనుభవశాలి నడవడి వేరుగా ఉంటుంది. ముప్పై మీటర్ల దూరంలోనే అతడు ఒక క్షణం ఆగి, బాణం ఏ దిక్కును చూపుతున్నదో గమనిస్తాడు. మరొక వైపు నుండి వచ్చి మళ్లీ చూస్తాడు. ఆ రెండు దిక్కుల గీతలు ఎక్కడ ఖండించుకొంటాయో మనస్సులో అంచనా కట్టి, పరికరాన్ని జేబులో వేసుకొంటాడు. ఆపైన అతనికి ఆధారం అంకెలు కావు, ఆనవాళ్లు. ప్రకృతిలో రాళ్లు ఒకదానిపై ఒకటి ఒద్దికగా పేర్చుకొని ఉండవు. గాలికి రాలిన పుల్లలు ఒకే వరుసలో పడవు. తుప్పుపట్టిన కమ్మీకి కొత్త మర ఒకటి బిగించి ఉన్నదంటే దానికి ఏదో కారణం ఉండాలి. అమెరికాలో దుకాణాల ముందరి దీపస్తంభాల అడుగున ఉండే రేకు తొడుగు పైకి లేస్తుందనే సంగతి కొత్తవానికి ఎవరైనా చెబితే గాని తెలియదు. పాతవాడు ముందుగా చూసేది దానినే. వేలెడంత లోహపు గొట్టం మొదలుకొని సైన్యం వాడి అమ్మివేసిన తూటాల పెట్టె వరకు నిక్షేపం ఏ రూపంలోనైనా ఉండవచ్చు. కనుక అనుభవశాలి ముందుగా దాని పరిమాణం చదివి, అంతటి వస్తువు ఈ పరిసరాలలో ఎక్కడ ఇముడుతుందని ఆలోచిస్తాడు. 'ఇక్కడ దాచవలసి వస్తే ఎక్కడ దాచాలి?' అని తన్ను తాను ప్రశ్నించుకొంటాడు. అనగా, వెదకేవాడు దాచినవాని కన్నుతో చూడటం నేర్చుకొంటాడు.

దాచినవారు కొన్నిసార్లు ఒక సూచనను కూడా ఇస్తారు. అది చూడగానే చదువుకొనే వీలు లేకుండా ఇంగ్లీషు వర్ణమాలలోని ప్రతి అక్షరానికి బదులు దానికి పదమూడవదైన అక్షరాన్ని ఉంచుతారు. ఏ అనే అక్షరం ఎన్ అవుతుంది. ఎన్ అనే అక్షరం ఏ అవుతుంది. మొత్తం అక్షరాలు ఇరవై ఆరు కావడంచేత, మరల పదమూడు జరిపితే అసలు మాట బయటపడుతుంది. కొత్తవాడు ఇల్లు కదలకముందే సూచనను విప్పి చదువుతాడు. అలవాటుపడినవాడు తన కళ్లకూ బుద్ధికీ పని చెప్పిన తరువాతనే దాని జోలికి పోతాడు.

ఈ నేర్పు అలవడితే కొత్తదనం తీరినట్లేనా? చాలామంది అట్లా భావించి, తమకు దొరికిన నిక్షేపాల సంఖ్యను కొలతగా పెట్టుకొంటారు. అయితే సంఖ్య నమ్మదగిన కొలత కాదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఒక ఎడారి రహదారి వెంట కొద్దిపాటి దూరానికొకటి చొప్పున వెయ్యికి పైగా చిన్న డబ్బాలను ఉంచారు. కారులో పోతూ, ఆగి ఆగి సంతకం చేస్తూ, ఒక్కరోజులో వందలకొలది నిక్షేపాలను లెక్కకు చేర్చుకోవచ్చు. మరొకడు ఒక్క డబ్బా కోసం నాలుగు తావులు తిరిగి, ప్రతిచోటా ఒక శిలాఫలకాన్ని చదివి, అందులోని సంవత్సరాలను కూడి, చివరి అంకెలను సాధించవలసి రావచ్చు. మొదటివాని ఖాతాలో వందలు చేరతాయి. రెండవవాని ఖాతాలో ఒకటే చేరుతుంది. ఎవరు నేర్చుకొన్నది ఎక్కువో ఆ అంకెలు చెప్పలేవు.

నిజానికి ఒక అన్వేషకుని పరిణతి దొరికిన నిక్షేపాల వద్ద కంటె దొరకని నిక్షేపం వద్దనే స్పష్టంగా తెలుస్తుంది. వెదకి విఫలుడైనవాడు 'దొరకలేదు' అని రాయడానికి ఈ ఆటలో ఏర్పాటున్నది. కొత్తవాడు అట్లా రాయడం నామోషీగా భావించి మౌనం వహిస్తాడు. ఆ మౌనం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. డబ్బా వరదకు కొట్టుకొనిపోయి ఉండవచ్చు. ఊడ్చేవారు చెత్తగా భావించి పారవేసి ఉండవచ్చు. వెదకినవారు వరుసగా 'దొరకలేదు' అని రాస్తే దాచినవాడు వెళ్లి చూసి, కొత్తది అమర్చుతాడు. ఎవరూ రాయకపోతే లేని వస్తువు కోసం ఇంకా ఎందరో దూరాభారం ప్రయాణం చేసి, రిక్తహస్తాలతో తిరిగిపోతారు. ఇంకొందరు డబ్బా దొరకనప్పుడు తాము తెచ్చిన మరొక డబ్బాను అక్కడ పడవేసి, దొరికినట్లు రాసుకొంటారు. దానివల్ల అసలుది ఒకచోట, నకిలీది మరొకచోట ఉండి, తరువాత వచ్చేవారు గందరగోళంలో పడతారు. ఈ ఆటలో కాపలాదారు లేడు, న్యాయనిర్ణేత లేడు. పుస్తకంలోని సంతకమూ, రాసినవాని మాటా తప్ప వేరు సాక్ష్యం లేదు. కావున 'దొరకలేదు' అని సంకోచం లేకుండా రాయగలిగిననాడు అన్వేషకుడు ఒక మెట్టు పైకి ఎక్కినట్లు లెక్క.

ఓటమిని ఒప్పుకోవడం కీర్తికి సంబంధించినది మాత్రమే కాదు. కొన్నిచోట్ల ప్రాణానికి సంబంధించినది కూడా. ప్రతి నిక్షేపానికి రెండు కొలతలు ఇస్తారు. ఒకటి వెదకడంలోని కష్టానికి, రెండవది అక్కడికి చేరడంలోని కష్టానికి. రెండింటికీ ఒకటి నుండి ఐదు వరకు అంకెలుంటాయి. చేరడంలో ఐదు అని ఉన్నదంటే పడవో, తాళ్లో, మరేదైనా ప్రత్యేక సామగ్రియో కావాలని అర్థం. అయితే వాతావరణం మారితే ఆ అంకె ఒక్కటే మనిషిని కాపాడలేదు. 2018 జూన్‌లో చెక్ దేశ రాజధాని ప్రేగ్ నగరంలో భూగర్భ కాలువలోకి దిగిన అన్వేషకులను హఠాత్తుగా కురిసిన వర్షపు నీరు ముంచెత్తడంతో ప్రాణనష్టం సంభవించింది. డబ్బా రేపు కూడా అక్కడనే ఉంటుంది. మబ్బు పట్టిన ఆకాశాన్ని చూసి వెనుదిరగడం పిరికితనం కాదు, వివేకం. గమ్యానికి పది మీటర్ల దూరంలో ఉండి కూడా వెనుకకు మరలగలిగినవాడే ఆ వివేకాన్ని సాధించినవాడు.

ఇక చివరి మెట్టు, వెదకేవాడు దాచేవాడుగా మారడం. ఇది పైకి తేలికగా కనిపిస్తుంది. ఒక డబ్బా, ఒక పుస్తకం, ఒక పెన్సిలు ఉంటే చాలునని కొత్తవాడు భావిస్తాడు. కాని డబ్బాను దాచిన క్షణం నుండి దాని బాధ్యత అంతా అతనిదే. స్థలం యజమాని అనుమతి తీసుకోవాలి. ఒక నిక్షేపానికీ మరొకదానికీ మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. నేలను తవ్వి పూడ్చకూడదు. వాసనకు జంతువులు వస్తాయి కనుక తినుబండారాలు ఉంచకూడదు. స్వచ్ఛందంగా పనిచేసే పరిశీలకులు ఈ విషయాలను చూసిన పిమ్మటనే నిక్షేపం ప్రకటితమవుతుంది. ఆ తరువాత కూడా పుస్తకం తడిసిందా, మూత పగిలిందా అని దాచినవాడే వెళ్లి చూసుకొంటూ ఉండాలి.

ఈ బాధ్యతలో లోపం జరిగితే ఆటతో సంబంధం లేనివారు ఇబ్బంది పడతారు. 2011 జూలైలో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణంలో ఒక ఫలహారశాల వెలుపల దాచిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను చూసి బాంబు అని అనుమానించారు. వీధిని ఖాళీ చేయించి, సైనిక నిపుణులను పిలిపించి, డబ్బాను పేల్చివేశారు. డబ్బాలో నిక్షేపం తప్ప మరేమీ లేదు. డబ్బా పైన దాని వివరం స్పష్టంగా రాయాలనీ, జనసమ్మర్దం గల చోట్లను ఎన్నుకొనేముందు ఆలోచించాలనీ ఇటువంటి సంఘటనలు నేర్పుతాయి.

అట్లే, దాచినవాడు వేసే అంకె మీద మరొకరి శ్రమ ఆధారపడి ఉంటుంది. చేరడంలో ఒకటి అని రాస్తే చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా దానిని అందుకోగలరని అర్థం. రెండే మెట్లు కదా అని దాచినవాడు ఆ అంకె వేస్తే, దానిని నమ్మి ఎంతో దూరం నుండి వచ్చిన ఒకరు ఆ రెండు మెట్ల ముందు ఆగిపోవలసి వస్తుంది. ఒక పొరపాటు అంకె ఒక మనిషికి దారి మూసివేస్తుంది.

ప్రకృతి పట్ల కూడా బాధ్యత ఉన్నది. ఒకే తావుకు వందలమంది నడిచి వస్తే గడ్డి చచ్చి, కొత్త కాలిబాట పడుతుంది. రాళ్లను తిరగవేస్తే వాటి కింద బతికే ప్రాణులు నశిస్తాయి. అందుచేతనే 2002 నుండి అన్వేషకులు గుంపులుగా చేరి చెత్తను ఏరివేసే కార్యక్రమాలను నిర్వహిస్తున్నారు. డబ్బా ఏదీ లేకుండా, ఒక భూవైజ్ఞానిక విశేషాన్ని పరిశీలించి ప్రశ్నలకు జవాబులు పంపే 'ఎర్త్‌కాష్' అనే పద్ధతి 2004లో ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడ తీసుకొనేదీ లేదు, వదిలేదీ లేదు. తెలుసుకొనేది మాత్రమే ఉన్నది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటున్నది. 2000 మే నెలలో డేవ్ అల్మర్ ఉంచిన మొట్టమొదటి బకెట్టు ఈనాటి నియమాల ప్రకారం ఆమోదం పొందదు. దానిని నేలలో పూడ్చారు; అందులో తినుబండారం ఉంచారు. అది అతని తప్పు కాదు. అప్పటికి ఆట కూడా కొత్తదే. తరువాతి సంవత్సరాలలో జంతువులు డబ్బాలను కొరికి పాడుచేయడం, నేల తవ్వకాలకు స్థల యజమానులు అభ్యంతరం చెప్పడం వంటి అనుభవాల నుండే నియమాలు పుట్టాయి. అంటే మనుషులతో పాటు ఆట కూడా తన కొత్తదనాన్ని మెల్లమెల్లగా పోగొట్టుకొన్నది. ఆ మొదటి నిక్షేపం ఉన్నచోట 2003లో ఒక స్మారక ఫలకాన్ని ప్రతిష్ఠించారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పుకోవచ్చు. పరికరాన్ని మాత్రమే నమ్మి నడిచేవాడు కొత్తవాడు. పరిసరాలను చదవగలిగినవాడు నేర్పరి. అయితే ఆ నేర్పు కూడా తన కోసమే అయినంతకాలం అది సగం విద్యయే. తనకు ముందు దాచినవాని మనస్సును అర్థం చేసుకొని, తన తరువాత రాబోయేవానిని దృష్టిలో ఉంచుకొని మెలగిననాడు అన్వేషకుని కొత్తదనం తీరుతుంది. 'దొరకలేదు' అని నిజం రాయడం, మూత గట్టిగా బిగించి పెట్టడం, సరియైన అంకె వేయడం, రాయిని యథాస్థానంలో ఉంచడం – ఇవన్నీ ఎన్నడూ ముఖం చూడని మనిషి కోసం చేసే పనులే. ఆ మార్పు ఎన్నవ నిక్షేపం వద్ద వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొందరికి అది పదవ నిక్షేపం వద్దనే రావచ్చు. మరికొందరికి వేయి దాటినా రాకపోవచ్చు.